క్రిస్మస్ సీజన్‌కి కొత్త రైఫిల్ ఆర్డర్లు తీసుకోవట్లేదు, ఎందుకంటే

అందరికీ నమస్తే, పెన్సిల్వేనియా లాంకాస్టర్‌లో పాతకాలం రకం రైఫిళ్ళు చేసే మన షాపు నుంచి. వారం రోజుల నుంచి ఫోన్ మోగితే చాలు ఒకటే ప్రశ్న, క్రిస్మస్ మర్నాటికి రైఫిల్ చేతికొస్తుందా అని. రాదండి. ఆల్రెడీ స్టాక్ (తుపాకీ కర్ర భాగం) చెక్కడం మొదలైనవాళ్ళకి తప్ప ఎవరికీ రాదు. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే జింకల సీజన్‌లో తుపాకీ అంటే ఫ్లింట్‌లాక్ ఒక్కటే, 1974 నుంచి ఇదే పద్ధతి. చెకుముకి రాయి ఉక్కుకి తగిలి రవ్వలు రాలి పేలాలి అంతే, క్యాప్ (కొడితే పేలే చిన్న టోపీ) పెట్టేవి కూడా ఒప్పుకోరు. అందుకే ఏడాదంతా ఖాళీగా ఉండే మా షాపు అక్టోబర్ రాగానే పెళ్ళిళ్ళ సీజన్లో టైలర్ షాపులా అయిపోద్ది.

ఇబ్బంది బ్యారెళ్ళతో కాదు, లాకులతో (రవ్వ పుట్టించే మెకానిజం) కాదు, కర్రతో. మనం వాడేది కర్లీ మేపుల్, అదే పులి చారలుండే మేపుల్. ఈసారి మిల్లు నుంచి వచ్చిన లాట్ ఎండిందని చెప్పి పంపారు, మీటర్ పెడితే తేమ 15 శాతం మీద చూపిస్తోంది. పైకి చూస్తే ఏం తేడా తెలీదు, చెక్కితే ఇంకా హాయిగా తెగుతుంది కూడా, కానీ అలాంటి కర్రలో బ్యారెల్ కూర్చోబెట్టి మీకిచ్చానంటే చలికాలం హీటర్ వేసిన ఇంట్లో అది ముడుచుకుంటుంది, ట్యాంగ్ (బ్యారెల్ వెనక కర్రలో కూర్చునే తోక) వెనకాల సన్నగా చీలిక మొదలవుతుంది, లోపల గాడిలో చెమ్మకి బ్యారెల్ అడుగున తుప్పు పడుతుంది, అది విప్పి చూస్తే గానీ బయటపడదు. పది శాతం లోపుకి దిగేదాకా ఉలి పెట్టను. ఓవెన్‌లో ఎండబెట్టొచ్చుగా అన్నారు ఒక అన్న. రెండున్నర అంగుళాల మందం అన్నా అది, తొందరపెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది.

ఆ లాట్‌లో కొన్ని పలకలు అసలు పక్కన పెట్టేశాను. చారలు అద్భుతం, కానీ గ్రెయిన్ (కర్ర నార) మణికట్టు దగ్గర, అంటే చేత్తో పట్టుకునే సన్నటి చోట, అడ్డంగా బయటికి పోతోంది. కింద పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఫొటోలో చారలు చూసి "అదే కావాలి" అని పట్టుబట్టేవాళ్ళకి చెప్తున్నా, అది అమ్మను.

చారల కోసమే అయితే కంగారు పడకండి, అవి బయటికొచ్చేది చివర్లో. ఇనుము కరిగించిన నైట్రిక్ యాసిడ్ పూసినప్పుడు కర్ర ఆకుపచ్చగా, రోత రంగులో కనిపిస్తుంది, మొదటిసారి చూసినవాళ్ళు పాడైపోయిందనే అనుకుంటారు. హీట్ గన్ (వేడి గాలి ఊదే పనిముట్టు) అలా పట్టుకుంటూ పోతే కళ్ళముందే ఎర్రటి గోధుమ రంగులోకి తిరిగి ఒక్కో చార లేచి నిలబడుతుంది. ఇన్నేళ్ళయినా ఆ పని మాత్రం ఎవరికీ ఇవ్వను, నేనే చేస్తా.

ఇక డబ్బుల సంగతి. స్టాక్ బ్లాంక్ (ఇంకా చెక్కని కర్ర దిమ్మ) మీద 60 డాలర్లు పెంచుతున్నా, పాత అడ్వాన్సులకి పాత రేటే. ఆగలేమన్నవాళ్ళకి అడ్వాన్స్ మొత్తం వాపస్, మొహమాటపడొద్దు. మొదటి రైఫిల్ అయితే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిన్) మీద కోసిన కిట్ కొనుక్కోండి, నిజంగా చెప్తున్నా, నా దగ్గర కొనకపోయినా పర్లేదు, ఇప్పుడు చాలా బాగా చేస్తున్నారు. పాతకాలం లాంకాస్టర్ తుపాకుల మేస్త్రి డికెర్ట్ పద్ధతిలో డైసీ పువ్వు ఇత్తడి ప్యాచ్‌బాక్స్ (స్టాక్‌లో మూత ఉండే చిన్న అర), సన్నబడి మళ్ళీ మూతి దగ్గర వెడల్పయ్యే బ్యారెల్ కావాలంటే మాత్రం నా దగ్గర ఆగాల్సిందే.

తుపాకీ మందు అమ్ముతారా అని కూడా అడుగుతున్నారు. అమ్మం. 2021లో ఆ మందు చేసే గోయెక్స్ కంపెనీ మూతపడుతోందన్నప్పుడు అందరం హడలిపోయాం, తర్వాతేడు బొమ్మ రాకెట్లు చేసే ఎస్టెస్ వాళ్ళు కొని నిలబెట్టారు, కాబట్టి లైసెన్స్ ఉన్న షాపుల్లో దొరుకుతోంది.

మన తెలుగువాళ్ళ నుంచి ఎక్కువగా వచ్చే డౌటు, వీసా మీద ఉన్నాం కొనొచ్చా అని. మూతిలోంచి మందు కూరే ఇలాంటి రైఫిల్‌ని కొత్తగా చేసినా ఫెడరల్ చట్టం యాంటిక్ కిందే లెక్కేస్తుంది, కానీ రాష్ట్రాల రూల్స్ వేరు, న్యూజెర్సీ అయితే మరీ వేరు. లాయర్‌ని అడిగాకే నాకు ఫోన్ చేయండి. ఊరికే చూడ్డానికైతే జూలైలో కెంప్టన్ గన్‌మేకర్స్ ఫెయిర్‌కి రండి, కొనక్కర్లేదు, వాటిని చేసినవాళ్ళే టేబుళ్ళ మీద పెట్టుకుని కూర్చుంటారు, అడిగితే చేతికిచ్చి చూపిస్తారు. అన్నట్టు నేను పెరిగింది హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ పక్కనే, 1795లో ఫ్రెంచ్ సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోత పోయించిన చోటు, రోజూ అక్కడే బస్సు దిగి ఒక్కసారి కూడా తలెత్తి చూళ్ళేదు.

శనివారం క్లాసులు మామూలే, ఈ నెల లాక్ ట్యూనింగ్. ఫ్రిజెన్ (చెకుముకి రాయి తగిలే ఉక్కు ముక్క) రవ్వలు సరిగ్గా రాల్చట్లేదన్నవాళ్ళు ఖాళీ తుపాకీ తెచ్చుకోండి, ఖాళీదే, గుమ్మం దగ్గరే రాడ్ వేసి చూస్తాం. అడ్వాన్స్ వాపస్ కావాల్సినవాళ్ళు ఈ శుక్రవారం లోపు మెసేజ్ పెట్టండి.