చలి టోపీకి కొలతలు

లంబసింగి వెళ్ళేలోపు ఊలు టోపీ అల్లుకుంటామన్న అక్కలందరికీ. మధ్యరకం మందం ఉన్న ఊలు 100 గ్రాములు, 5 మి.మీ. సూదులు తెచ్చుకోండి. ముందు చిన్న ముక్క అల్లి చూడండి. 10 సెం.మీ.కి 18 కుట్లు వస్తే పెద్దవాళ్ళకి 88 కుట్లు సరిపోతాయి. టోపీ తల చుట్టుకొలత కంటే 5 సెం.మీ. తక్కువ ఉండాలి, అప్పుడే చెవుల మీద పట్టి ఉంటుంది.

అంచు రెండు సీదా (నిట్) కుట్లు, రెండు ఉల్టా (పర్ల్) కుట్లు చొప్పున 5 సెం.మీ. అల్లండి. ఇక్కడ తొందరపడొద్దు, టోపీ సాగేది ఈ అంచువల్లే! తర్వాత అంతా సాదా అల్లికే (ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా), సీరియల్ చూస్తూ కూడా అయిపోతుంది. మొత్తం 15 సెం.మీ. వచ్చాక వరస విడిచి వరసలో 8 కుట్లు తగ్గించండి. చివరి 8 కుట్లలోంచి దారం లాగి ముడేసి, వెనక కుట్టేయండి.

పిల్లలకైతే గరుకు ఊలు వద్దు, దురదని తీసి పడేస్తారు. డౌట్ వస్తే ఫోటో పెట్టండి.