‘రోజూ 4 ఆటలు’ బోర్డు తీసేసి ఒక్క మ్యాట్నీ ఎందుకు వేశాం

పర్లాకిమిడిలోని మన హాలుకు ఏళ్ల తరబడి వస్తున్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

గత శుక్రవారం ఉదయం 10:30కి కొత్త పద్యనాటక సినిమా ప్రత్యేక ఆట వేయలేకపోయాం. 163 మంది టికెట్టు కొని లోపల కూర్చున్నారు. కాశీనగర్ వైపు నుంచి, ఇటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి మొదటి బస్సుకు బయల్దేరి వచ్చిన ముసలివాళ్లు అందులో చాలామంది. యాభై నిమిషాలు కూర్చోబెట్టి, చివరికి ఆట లేదని చెప్పాం. టికెట్టు అమ్మింది మేమే కాబట్టి క్షమాపణ చెప్పాల్సిందీ మేమే. చెబుతున్నాం.

అంతకు మూడు రోజుల ముందు, మంగళవారం, ‘రోజూ 4 ఆటలు’ బోర్డు తీసేసి ‘శుక్రవారం ఉదయం ప్రత్యేక ఆట, ఆపైన రోజూ మ్యాట్నీ’ అని పెట్టాం. ఈ రెండింటినీ కలిపి పర్లాకిమిడిలో ఒక మాట నడుస్తోంది. హాలువాళ్లకు పద్యమంటే చిన్నచూపట, ఇష్టం లేకే సినిమా తెరిచే కీ రాలేదని సాకు చెప్పారట. ఆ మాట చాలా బాధపెట్టింది. అందుకే ఏదీ దాచకుండా లెక్కలతో సహా రాస్తున్నాను.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఈ సినిమా రంగస్థలం మీద ఏళ్లుగా ఆడుతున్న ఒక పద్యనాటకాన్ని పద్యాలు కోయకుండా తీసింది. నిడివి 2 గంటల 48 నిమిషాలు. విశ్రాంతితో కలిపి మూడు గంటల పైమాటే.

ముందు కీ సంగతి. ఇప్పుడు సినిమా రీళ్లలో రాదు, హార్డ్ డిస్కులో వస్తుంది. డిస్కు బుధవారమే విశాఖ నుంచి బస్సులో వచ్చింది. సర్వర్‌లోకి (బొమ్మ నడిపే కంప్యూటరులోకి) ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. ఎక్కించినంత మాత్రాన బొమ్మ పడదు. సినిమాకు తాళం వేసి ఉంటుంది, దాన్ని తెరిచే కీ విడిగా మెయిల్లో వస్తుంది. కొన్ని కేబీల చిన్న ఫైలు అది. ఫలానా హాల్లో, ఫలానా సీరియల్ నంబరు ఉన్న యంత్రం మీద, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే పనిచేస్తుంది. పక్క హాలు కీ మనకు పనికిరాదు. మన కీ రేపు పనికిరాకపోవచ్చు.

మన సర్వర్‌లో మీడియా బ్లాక్ అనే కార్డు ఉంటుంది. కీ ఆ కార్డు నంబరుకే కడతారు. పోయిన నెల దాని బ్యాటరీ చచ్చిపోయింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కార్డులోని రహస్య సంకేతం చెరిగిపోతుంది, మళ్లీ ఛార్జి పెట్టినా తిరిగి రాదు. కొత్త కార్డు వేయించి, దాని సర్టిఫికెట్టు, అంటే కార్డు గుర్తింపు ఫైలు, డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు పంపాం. అందిందని జవాబు కూడా వచ్చింది. అయినా గురువారం రాత్రి 7:40కి వచ్చిన కీ పాత కార్డు నంబరుకు కట్టి ఉంది. సర్వర్‌లో సినిమా పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. రాత్రి ఫోన్ల మీద ఫోన్లు చేశాం. శుక్రవారం ఉదయం 9:05కి రెండో కీ వచ్చింది. ఈసారి నంబరు సరైనదే, కానీ అది మధ్యాహ్నం 12 గంటల నుంచి తెరుచుకునేలా చేశారు. 10:30 ఆట ఉందని మేం వాళ్లకు రాతలోనే ఇచ్చాం. మూడో కీ అడిగాం. 11:20 దాకా రాలేదు. అప్పుడు దీపాలు వేసి డబ్బు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాం.

సర్వర్ గడియారం ముందుకు తిప్పితే సరిపోయేదని కొందరు కుర్రాళ్లు అన్నారు. సరిపోదు. ఆ గడియారాన్ని మొత్తం ఏడాదిలో ఆరు నిమిషాలకు మించి కదపడానికి యంత్రమే ఒప్పుకోదు. ఈ దొంగతనం జరగకూడదనే అలా కట్టారు.

ఇకమీదట కీ ఎక్కించి, పచ్చగుర్తు చూసి, మొదటి రెండు నిమిషాల బొమ్మ తెర మీద వేసి చూశాకే ఆ ఆటకు టికెట్లు అమ్ముతాం. అడ్వాన్స్ బుకింగు ఒక రోజు ఆలస్యమైనా సరే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాలుగు ఆటలు ఎందుకు తగ్గించాను? మూడు రాత్రులు నిద్రపట్టనిది దీని గురించే.

మన హాలు 412 సీట్లు. బాల్కనీ 110 సీట్లు, 100 రూపాయలు. కింద 302 సీట్లు, 70 రూపాయలు. నిండితే గ్రాస్, అంటే మొత్తం వసూలు, 32,140. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయలు, అంతకు తక్కువ టికెట్టు మీద జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. అది పోను నెట్ సుమారు 30,600. సీటుకు సగటున 74 రూపాయలు అనుకోండి. ఒక్క ఆట నడపడానికి కరెంటు, డిజిటల్ అద్దె, ఆపరేటరు, గేటు, ఊడ్చేవాళ్లు అన్నీ కలిపి 3,800. కరెంటు పోయి జనరేటరు వేస్తే అది వేరే.

డిస్ట్రిబ్యూటర్ రెండు దారులు చూపించాడు. మొదటిది రెండు వారాలకు మూడున్నర లక్షలు మినిమం గ్యారంటీ. డబ్బు ముందే కట్టాలి, రోజూ నాలుగు ఆటలు వేసుకోవచ్చు, వచ్చింది మనది. రెండోది రోజుకు ఒక్క ఆట, నెట్‌లో అరవై వాళ్లది, నలభై మనది, ముందు కట్టేదేమీ లేదు. బోర్డు రాయించేటప్పటికి నా మనసు మొదటి దారి మీదే ఉంది. పద్యనాటకానికి పుట్టినిల్లు లాంటి ప్రాంతం మనది, నాలుగు ఆటలు వేయకపోతే ఎలా అనుకున్నాను. కాగితం మీద లెక్క వేశాక భయం పట్టుకుంది.

గ్యారంటీ దారిలో 56 ఆటలు. ఖర్చు 2,12,800, గ్యారంటీ 3,50,000, మొత్తం 5,62,800. అంటే ఆటకు 135 మంది రావాలి. ఒక్క ఆట దారిలో మన నలభై శాతంతో ఖర్చు వెళ్లాలంటే ఆటకు 128 మంది రావాలి. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ 135 మందిని 56 సార్లు రప్పించాలి, 128 మందిని 14 సార్లు రప్పిస్తే చాలు. అక్కడ ఏడున్నర వేల టికెట్లు, ఇక్కడ 1,800 లోపు. ఒకవేళ సగటున 50 మందే వస్తే గ్యారంటీ దారిలో మూడున్నర లక్షల నష్టం, ఇక్కడ 32 వేలు. మొదటి నష్టం వస్తే కొత్త మీడియా బ్లాకు అప్పు తీరదు, హాలు మూతపడుతుంది. 2025 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లవాళ్లు, జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామన్నది కూడా స్థిరమైన అద్దెలు వద్దు, వసూలులో పర్సంటేజీ ఇవ్వమనే కదా.

ఆటలు తగ్గించానని తెలిసి చాలామంది ఒకే మాట పంపారు: అమెరికాలో రంగస్థలం మీద ఆడిన ‘వికెడ్’ 2024 నవంబరులో సినిమాగా వచ్చి ప్రపంచమంతటా దాదాపు 75 కోట్ల డాలర్లు వసూలు చేయలేదా, నాటకం సినిమా అయితే జనం రారా అని. వసూలు చేసింది, నిజమే. అది న్యూయార్క్ బ్రాడ్వేలో 2003 నుంచి ఆడుతూ ఉంది, అందులోని పాటలు పిల్లల నోళ్లలో నలిగినవి. కానీ అదే బ్రాడ్వేలో 18 ఏళ్లు ఆడిన ‘క్యాట్స్’ 2019లో సినిమాగా వస్తే, దాదాపు 9.5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది 8 కోట్లు కూడా తేలేదు. విడుదలయ్యాక బొమ్మలో లోపాలు దిద్ది హాళ్లకు కొత్త కాపీ పంపారు కూడా. ఆ ఎగ్జిబిటర్ల అవస్థ నేను ఊహించగలను. 2023 క్రిస్మస్ రోజున ‘ది కలర్ పర్పుల్’ సంగీత నాటకం సినిమాగా వచ్చింది. మొదటి రోజే దాదాపు 1.8 కోట్ల డాలర్లు, చివరికి అమెరికాలో మొత్తం 6 కోట్ల దగ్గర ఆగింది. అంటే మొత్తంలో మూడో వంతు దాకా ఒక్క రోజులోనే. నాటకాన్ని ప్రేమించేవాళ్లు మొదటి రోజుల్లోనే వచ్చేస్తారు. వాళ్లు వెళ్లాక మిగతావాళ్లను రప్పించడం మీదే నాటకం సినిమా బతుకు ఆధారపడుతుంది.

అమెరికా దాకా ఎందుకు, మన దగ్గరే చూడండి. 1932లో వచ్చిన మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి వాళ్ల నాటకం నుంచి వచ్చిందే. ఇటు గంజాం ఒడియా వాళ్లకు ప్రహ్లాద నాటకమంటే తెల్లవార్లూ మేలుకుని చూసేది. 1936లో ఒకే ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటీపడ్డాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు బళ్లారి రాఘవ, రంగస్థలం మీద ఆయనకు తిరుగులేదు. అయినా గెలిచింది ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. స్టేజీ మీద పేరు ఉన్నంత మాత్రాన టికెట్లు తెగవని మన పెద్దలకు అప్పుడే తెలిసింది.

ఇంకో ఇబ్బంది మన సినిమాకు ప్రత్యేకం. దీని ట్రైలర్లో ఒక్క పద్యం లేదు. యుద్ధాలు, గుర్రాలు, డైలాగులు మాత్రమే పెట్టారు. పద్యం అంటే కుర్రాళ్లు రారని భయపడి దాచారు. దానివల్ల వచ్చిన కుర్రాళ్లు విశ్రాంతికి బయటికి వెళ్లి తిరిగి రాలేదు. పద్యం కోసం రావలసినవాళ్లకు అందులో పద్యాలున్నాయనే తెలియలేదు. మన గేటు దగ్గర పోస్టరు మీద ‘పద్యాలు పూర్తిగా’ అని పెద్ద అక్షరాలతో నేనే చీటీ అంటించాను. సోమ, మంగళవారాల్లో వచ్చిన పెద్దలు చాలామంది ఆ చీటీ చూసే వచ్చారు.

వచ్చిన జనం లెక్క ఇది. మ్యాట్నీకి శుక్రవారం 286, శనివారం 331, ఆదివారం 398, సోమవారం 142, మంగళవారం 118, బుధవారం 97. ఆదివారం కూడా 14 సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఒక్క ఆటకే ఇలా ఉంటే నాలుగింటికి ఏమయ్యేదో మీరే లెక్కవేయండి. సోమవారానికి ఆదివారంలో మూడో వంతుకు కొంచెం పైకి పడిపోయింది. తగ్గించడం తప్పని ఎవరెన్ని అన్నా నేను ఒప్పుకోను. బోర్డు ముందే రాయించడం మాత్రం తప్పు. లెక్క వేశాకే రాయించాల్సింది.

మ్యాట్నీ ఎందుకు, ఫస్ట్ షో ఎందుకు కాదని ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు అడిగారు. 2 గంటలకు మొదలైతే 5:05కి వదులుతాం, ఊళ్లనుంచి వచ్చినవాళ్లకు బస్సులు అందుతాయి. 6:15కి మొదలైతే వదిలేసరికి 9:20. కాశీనగర్ వైపు వెళ్లే ఎనభై ఏళ్ల మనిషిని ఆ రాత్రి బస్టాండులో వదిలేయలేను. కానీ మీ మాటలోనూ న్యాయం ఉంది. రెండో వారం శని, ఆదివారాల్లో మ్యాట్నీతోపాటు 6:15 ఆట కూడా వేస్తాం. ఆ రెండు రోజులూ ఆ వేళకు నడుస్తున్న వేరే సినిమా సెకండ్ షోకు వెళుతుంది.

హార్మోనియం మోత గొంతును మింగేస్తోందని మొదటి మూడు రోజులు ముందు వరుసలవాళ్లు అన్నారు. వాళ్లు అన్నది నిజం. సినిమాలో గొంతు మధ్య స్పీకరులోంచి, వాద్యాలు కుడి ఎడమ స్పీకర్లలోంచి వస్తాయి. మన మధ్య స్పీకరు హారన్లో డయాఫ్రం, అంటే మోత పుట్టించే పలుచని పొర, చీలింది. అది పోతే ‘స, ష, త, ట’ లాంటి అక్షరాలు నలిగిపోతాయి, రాగం వినిపిస్తుంది కానీ పదం తెలియదు. మామూలు సినిమాల్లో ఎవరూ పట్టించుకోలేదు, సమాసాలున్న పద్యం దాన్ని బయటపెట్టింది. సోమవారం రాత్రి కొత్తది వేయించాం. మంగళవారం నుంచి పదం పదం తెలుస్తోంది. మొదటి నాలుగు రోజులు చూసినవాళ్లకు ఇది కూడా మేం బాకీ ఉన్నట్టే.

‘వన్స్ మోర్’ సంగతి కూడా. పద్యం ఎత్తుగడ మళ్లీ వేయమని చప్పట్లు కొట్టి అడుగుతున్నారు. సర్వర్‌ను ఆపి వెనక్కి తిప్పడం వీలవుతుంది. కానీ నేను వేయనివ్వడం లేదు. ఒక్కసారి మొదలుపెడితే ఆట 5:40 దాటుతుంది, బస్సులు పోతాయి. పైగా తెర మీది నటుడికి మీ చప్పట్లు వినిపించవు, తర్వాతి మాట ఆగకుండా వస్తుంది. దయచేసి రాగం పూర్తిగా ముగిశాక చప్పట్లు కొట్టండి, అప్పుడు మిగతావాళ్లు తర్వాతి మాట పోగొట్టుకోరు.

శుక్రవారం ఉదయం 163 మందిలో 97 మంది డబ్బు తీసుకున్నారు. మిగతా 66 మంది టికెట్టు ముక్కలు తమ దగ్గరే ఉంచుకుని, మళ్లీ వస్తామని వెళ్లారు. ఆ 66 మందికి రెండో వారంలో ఏ ఆటకైనా బాల్కనీ సీటు ఉంటుంది. కింద టికెట్టు అయినా సరే, ముక్క చిరిగిపోయినా సరే, నంబరు మా పుస్తకంలో ఉంది. కౌంటరు ఉదయం 11 గంటలకు తెరుస్తాం. మీ ఊళ్లో రాలేనివాళ్లెవరైనా ఉంటే వాళ్ల ముక్క మీరు తెచ్చినా డబ్బు ఇస్తాం.