ఓడీ లిమిట్ తగ్గించే ముందు ఖాతాదారుకు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పల్నాడులో ఎరువులు, పురుగుమందుల వ్యాపారం పంటను బట్టి నడుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మిర్చి నాట్లు పడే వేళ మా దగ్గర అరువుకు మందులు తీసుకున్న రైతు, కోతలై, కాయలు ఎండి, సరుకు గుంటూరు యార్డుకు చేరాక గానీ బాకీ కట్టలేడు. మధ్యలో ఉన్న ఆ ఐదారు నెలలను మాలాంటి చిన్న దుకాణదారులం బ్యాంకు ఇచ్చే ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా ఒక లిమిట్ దాకా వాడుకునే వీలు) ఆధారంగానే గట్టెక్కుతాం. ఆ లిమిట్‌ను మాటమాత్రమైనా చెప్పకుండా తగ్గిస్తే ఏమవుతుందో గత సీజన్లో స్వయంగా అనుభవించాను కాబట్టి, ఇది నా ఒక్కడి గోడు కాదన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

పదకొండేళ్లుగా ఒకే శాఖలో నాకు 25 లక్షల రూపాయల ఓడీ ఉంది. ఇంటి దస్తావేజులు అక్కడే తనఖాలో ఉన్నాయి. వడ్డీ ఏ నెలా ఆగలేదు. రెన్యువల్ కోసం జూన్‌లోనే ఆడిటర్ సంతకం చేసిన లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, స్టాక్ స్టేట్‌మెంట్లు ఇచ్చి వచ్చాను. సెప్టెంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం గుంటూరు డిస్ట్రిబ్యూటర్ గుమస్తా ఫోన్ చేసి, నేనిచ్చిన 2,85,000 రూపాయల చెక్కు ఖాతాలో డబ్బు చాలక వెనక్కి వచ్చిందని చెప్పాడు. ఆ ఉదయానికి నా వాడకం 21,60,000 రూపాయలు. ఈ చెక్కు కలిపినా 25 లక్షలు దాటదు. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందనుకుని బ్యాంకుకు పరుగెత్తితే, అధికారి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పారు. లిమిట్ ఉండాల్సిన చోట 15 లక్షలు అని ఉంది. దాని కింద, ఇంకా వాడుకోగల మొత్తం దగ్గర, మైనస్ గుర్తుతో 6,60,000 కనిపించింది. లిమిట్ మార్చి అప్పటికి నాలుగు రోజులైందట. నాకు ఉత్తరం రాలేదు, ఫోనుకు మెసేజ్ రాలేదు, ఆ నాలుగు రోజుల్లో రెండుసార్లు కౌంటర్ దగ్గర నిలబడినా ఎవరూ చెప్పలేదు.

కారణం అడిగితే, ఓడీ ఖాతాలో జమలు తగ్గాయన్నారు. అందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. రైతులు ఫోన్ ద్వారా చెల్లించే డబ్బు దుకాణంలో పెట్టిన క్యూఆర్ కోడ్ వల్ల వేరే బ్యాంకులోని నా సేవింగ్స్ ఖాతాకు వెళుతోంది. కానీ వ్యాపారం తగ్గలేదని జీఎస్టీ రిటర్నులే చెబుతున్నాయి. చిన్న సంస్థల నిర్వహణ పెట్టుబడిని లెక్కగట్టడానికి రిజర్వ్ బ్యాంకు నియమించిన నాయక్ కమిటీ సూచించిన పద్ధతి ప్రకారం అంచనా టర్నోవరులో కనీసం 20 శాతం రుణంగా ఇవ్వాలి. నా టర్నోవరు కోటీ 30 లక్షలు, అంటే 26 లక్షల దాకా అర్హత ఉన్నట్లే. జమలన్నీ ఓడీ ఖాతాలోకే రావాలని జూన్‌లో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ సాయంత్రమే క్యూఆర్ కోడ్ మార్చేవాడిని.

లిమిట్ తగ్గించిన క్షణం నుంచి, అంతవరకు సక్రమంగా ఉన్న వాడకమే అతిక్రమణగా మారిపోతుంది. నేను కొత్తగా ఒక్క రూపాయి తీయకపోయినా 6,60,000 రూపాయలు లిమిట్ దాటి వాడినట్లు లెక్క. దాని మీద పీనల్ ఛార్జీలు మొదలవుతాయి. బకాయి వరుసగా 90 రోజులకు మించి లిమిట్ కంటే ఎక్కువగా ఉంటే ఖాతా నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బాకీగా మారుతుంది, మన రుణ చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ఆ మచ్చ పడుతుంది. సెప్టెంబరు నుంచి 90 రోజులంటే డిసెంబరు. మిర్చి డబ్బు జనవరి తర్వాత గానీ రాదు. దీనికి తోడు, తొంభై రోజులు దాటిన రైతు బాకీలను డ్రాయింగ్ పవర్ (సరుకు, రావాల్సిన బాకీల విలువను బట్టి ఎంత వాడుకోవచ్చో తేల్చే మొత్తం) లెక్కలోకి తీసుకోబోమని మా శాఖలో అంటారు. అంటే మా బాకీల పుస్తకం నిండుగా ఉన్నప్పుడే బ్యాంకు దృష్టిలో మేము ఖాళీగా ఉంటాం. ఇక చెక్కు వెనక్కి వస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ ఉండనే ఉంది: నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే కేసు, నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. ఆ డిస్ట్రిబ్యూటర్ నన్ను ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషి కాబట్టి ఆగారు. ఆయన దగ్గరే నావి మరో రెండు చెక్కులు ఉంటే, వాటిని బ్యాంకులో వేయవద్దని బతిమాలి, నా భార్య నగలు తాకట్టు పెట్టి మొదటి చెక్కు డబ్బు కట్టాను.

రిజర్వ్ బ్యాంకు 2003 మేలోనే రుణదాతలకు న్యాయమైన పద్ధతుల నియమావళిని జారీ చేసింది. రుణ షరతుల్లో మార్పు ఏదైనా ఉంటే రుణగ్రహీతకు నోటీసు ఇవ్వాలని, రుణాన్ని ముందుగానే తిరిగి చెల్లించమనేటప్పుడు ఒప్పందంలో ఉన్న గడువో, అది లేకపోతే సమంజసమైన గడువో ఇచ్చి తెలియజేయాలని అందులో ఉంది. లిమిట్ తగ్గించడం షరతు మార్చడం కాకపోతే మరేమిటి? అయినా మా శాఖలో వినిపించిన సమాధానం, ఇది బ్యాంకు వ్యాపార నిర్ణయం అన్నదే. ఆ మాటకు బలం ఉంది: బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలో వ్యాపార నిర్ణయాలపై ఫిర్యాదులను విచారణకు స్వీకరించరు. ఎవరికి ఎంత అప్పివ్వాలో తేల్చుకునే హక్కు బ్యాంకుకు ఉండాల్సిందే, దాన్ని నేను ప్రశ్నించడం లేదు. కానీ లిమిట్ ఎంత అన్నది వ్యాపార నిర్ణయం కావచ్చు గానీ, ఆ సంగతి ఖాతాదారుకు చెప్పకపోవడం ఏ లెక్కన వ్యాపార నిర్ణయం అవుతుంది? అది సేవాలోపం.

ఇలాంటి పరిస్థితి ఎదురైన తోటి వ్యాపారులకు నా అనుభవం కొంత పనికొస్తుందేమో. మొదటి మూడు రోజులూ మేనేజరుగారి గదిలో నోటిమాటగా వాదించి కాలం వృథా చేసుకున్నాను. నాలుగో రోజున లిమిట్ ఎందుకు తగ్గించారో, ఏ తేదీన ఎవరి ఉత్తర్వుతో తగ్గించారో రాతపూర్వకంగా చెప్పాలని ఉత్తరం ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకున్న తర్వాతే కదలిక వచ్చింది. అదనంగా తేలిన మొత్తాన్ని ఒకేసారి కాకుండా మార్చి నెలాఖరులోగా విడతలుగా తగ్గించుకునే వీలు అడిగాను. పై కార్యాలయం అందుకు ఒప్పుకుంది. ఒప్పుకోకపోయి ఉంటే, ఫిర్యాదు ఇచ్చిన 30 రోజులు చూసి అంబుడ్స్‌మన్‌కు రాసేవాడిని. ఆ వివరాలు రిజర్వ్ బ్యాంకు వారి 14448 నంబరులో తెలుగులోనే చెబుతారు. లిమిట్ మాత్రం ఈనాటికీ 15 లక్షలే.

నేను కోరేది పెద్ద విషయం కాదు. లిమిట్ తగ్గింపు అన్న మాటను నియమావళిలో విడిగా చేర్చి, కారణంతో సహా కనీసం 90 రోజుల ముందు ఖాతాదారుకు అతని భాషలో నోటీసు అందాలని, ఆ గడువు ముగిసేదాకా పాత లిమిట్‌లోపు ఇచ్చిన చెక్కులను చెల్లించి తీరాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించాలి. వ్యవసాయం మీద ఆధారపడిన వ్యాపారాలకు ఈ మార్పులు సీజన్ మధ్యలో చేయకూడదు. కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశాల్లో వార్షిక రుణ ప్రణాళిక లక్ష్యంలో ఎంత శాతం రుణాలిచ్చారో బ్యాంకులు చదివి వినిపిస్తాయి. అదే సమావేశంలో, గత మూడు నెలల్లో ఎందరు చిన్న వ్యాపారుల లిమిట్లు ఎంతమేర తగ్గించారో కూడా చదివించాలని కలెక్టర్‌గారికి, జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరుగారికి మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను. ఖరీఫ్ సరుకు కోసం జూన్‌లో మళ్లీ చెక్కులు రాయాలి. ఈలోగా ఈ మేరకు ఆదేశం వస్తే, రాసే చెక్కు చెల్లుతుందో లేదో అన్న భయం మాకు ఉండదు.

భవదీయుడు,
ఒక ఎరువుల దుకాణదారు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా