అరకులో ఏటేటా ఒక చిత్రోత్సవం

సంపాదకుల వారికి,

అయ్యా,

అరకులోయలో ప్రతి సంవత్సరం ఒక చిన్న చలనచిత్రోత్సవం జరపాలన్న ఆలోచనను మీ పత్రిక ద్వారా పాఠకుల ముందూ, అల్లూరి సీతారామరాజు జిల్లా అధికారుల ముందూ ఉంచదలచాను. తారలను రప్పించి ఊరేగించమని నేను అడగడం లేదు. హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలలో జరిగే అంతర్జాతీయ చిత్రోత్సవాన్ని ఒకసారి చూసి వచ్చినప్పటి నుంచి మనసులో మెదులుతున్న సంగతి ఇది.

ఆ ఉత్సవాన్ని 2012లో రీతూ సరీన్, తెన్‌జింగ్ సోనమ్ అనే దర్శక దంపతులు ప్రారంభించారు. ధర్మశాలకు ఎగువన, సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న మెక్లియోడ్‌గంజ్‌లో సినిమా హాలు లేకపోయినా, అది కట్టేదాకా ఆగుదామని వారు అనుకోలేదు. టిబెటన్ల ప్రదర్శన కళల సంస్థ ప్రాంగణంలో మొదలుపెట్టి, తరువాతి కాలంలో టిబెటన్ బాలల గ్రామం పాఠశాల ఆవరణకు మారారు. గాలి నింపి నిలబెట్టే సంచార థియేటరును కూడా కొన్నేళ్లు వాడుకున్నారు. మన పల్లెలు ఒకనాడు ఎరిగిన టూరింగు టాకీసుకు అది మనుమడి వరస అని చూసినవారెవరికైనా అనిపిస్తుంది. బహుమతుల పోటీ పెట్టుకోకుండా మొదలైన ఉత్సవం కావడం వల్ల, ఎవరు గెలిచారన్న చర్చకు బదులు, చూసిన చిత్రాన్ని గురించి దర్శకుడితోనే టీ తాగుతూ మాట్లాడుకునే వీలు అక్కడి ప్రేక్షకులకు కలిగింది.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ ఉత్సవం తెగిపోకుండా సాగడం. కోవిడ్ కారణంగా 2020, 2021 సంవత్సరాలలో జనం గుమిగూడలేని స్థితిలో సైతం నిర్వాహకులు దానిని ఆన్‌లైన్‌లో నడిపారు. హైదరాబాదు శాశ్వత వేదికగా రెండేళ్లకోసారి జరుగుతూ వచ్చిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం మాత్రం 2017 తరువాత ఆగిపోయింది. రాజధాని నగరం, ప్రభుత్వాల అండ, ‘బంగారు ఏనుగు’ బహుమతి, ఇవన్నీ ఉన్న పండుగ నిలవలేదు. హాలు లేని కొండ ఊరిది నిలిచింది. అందుకే అరకు ఉత్సవానికి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) బడులనూ హాస్టళ్లనూ వేదికలుగా ఇవ్వాలే తప్ప, నిర్వహణ బాధ్యత బదిలీల మీద వచ్చిపోయే అధికారుల చేతిలో ఉండకూడదని నా అభిప్రాయం. సెన్సారు సర్టిఫికెట్ లేని చిత్రాలు చూపడానికి కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ నుంచి ముందుగా మినహాయింపు పొందడం వంటి పనులకు ఏడాది పొడవునా అంటిపెట్టుకుని ఉండే చిన్న బృందం ఒకటి కావాలి.

ఇక వేళ సంగతి. వలిసె పూలు విరగబూసే రోజుల్లోనూ, డిసెంబరు చివరి వారంలోనూ అరకులో గది దొరకడమే గగనం. వర్షాకాలంలో ఘాట్ రోడ్డును నమ్ముకోలేము. ఫిబ్రవరి నడిమి రోజులైతే పర్యాటకుల ఒత్తిడి తగ్గి ఉంటుంది, పిల్లలకు వార్షిక పరీక్షలూ ఇంకా దగ్గరపడవు.

అసలు ప్రేక్షకులు ఆ పిల్లలే కావాలి. తెలుగు సినిమా ఎన్ని పాటలకు అరకును తెరగా వాడుకున్నదో లెక్కలేదు గాని, ఆ లోయలో ఇళ్లల్లో వినిపించే కువి, గదబ, ఆదివాసీ ఒరియా మాటలు ఆ పాటల మధ్య ఎక్కడా వినిపించవు. విశాఖపట్నం నుంచి వారాంతపు రైలులో వచ్చే మాబోటి వాళ్లకే చూపి పంపేస్తే, ఈ ఉత్సవం కూడా మరొక షూటింగు అవుతుంది.

ఇక్కడే ధర్మశాల నుంచి మనం వేరుపడక తప్పదు. అక్కడ పరభాషా చిత్రాల కింద ఆంగ్ల సబ్‌టైటిల్స్ వేస్తారు. దేశ విదేశాల నుంచి వచ్చిన ప్రేక్షకులకు అది సరిపోతుంది. అరకులోని ఆశ్రమ పాఠశాల విద్యార్థికి ఇరాన్ చిత్రాన్నో జపాన్ చిత్రాన్నో చూపి, కింద ఆంగ్లాన్ని పరుగులు పెట్టిస్తే, ఆ పిల్లవాడు బొమ్మను చూడాలా, అక్షరాలు కూడబలుక్కోవాలా? కనుక ప్రతి చిత్రానికీ తెలుగు సబ్‌టైటిల్స్ ఉండాలి. చిన్న తరగతుల వారికి, మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పిన వ్యాఖ్యాతల పద్ధతిలో, వారి భాష తెలిసిన ఉపాధ్యాయుడు ఒకరు మైకులో చెప్పవచ్చు. ఇది ఖర్చు కంటే ఓపికతో కూడిన పని. రెండు గంటల చిత్రంలో వెయ్యికి పైగా సంభాషణలు ఉండవచ్చు. ఒక్కొక్కటీ రెండు పంక్తులకు మించకుండా, తెర మీద నిలిచే కొద్ది సెకన్లలో పదిహేనేళ్ల పిల్లలు చదువుకోగలిగేటట్లు రాయాలి.

మొదటి ఏడాదికి మూడు రోజులు, పది చిత్రాలు చాలు. ముప్పై ఏళ్లు ఆంగ్లం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఆ పదింటిలో రెండు చిత్రాలకు తెలుగు సబ్‌టైటిల్స్ ఉచితంగా రాసి ఇవ్వడానికి నేను సిద్ధం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం