పఠన సంఘం వార్షిక నివేదిక: గ్రీకు పురాణాలు చదివిన సంవత్సరం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ ఉదయం వచ్చిన సభ్యులకు, రాని సభ్యులకు కూడా నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కనుక చదువుతున్నాను. మన సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే.

కిందటేడు ఇదే గదిలో గ్రీకు పురాణాలను ఈ సంవత్సరపు పఠనాంశంగా తీర్మానించాం. చేతులెత్తినవారు 41 మంది. మొదటి ఆదివారం వచ్చినవారు 9 మంది. అందులో ఇద్దరు కింద గ్రంథాలయంలో దినపత్రిక చదువుకుంటూ, వాన పట్టడంతో పైకి వచ్చినవారు. వారిలో ఒకరు ఆ తరువాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. చేతులెత్తిన వారి గురించి ఆ మాట చెప్పలేను.

దేవతల పుట్టుకతో మొదలుపెట్టాం. తన సంతానమే తనను పడదోస్తుందని విన్న క్రోనస్ పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగడం, తరువాత దేవతలకు రాజైన చివరి బిడ్డ జ్యూస్‌ను దాచి తల్లి రియా పొత్తిగుడ్డల్లో రాయి చుట్టి ఇవ్వడం చదివేసరికి కంసుడి పేరు నలుగురి నోట ఒకేసారి వచ్చింది. జ్యూస్ అన్న పేరుకూ వేదంలోని ద్యౌస్‌కూ మూలం ఒకటేనని సంస్కృతం మాస్టారు బోర్డు మీద రాసి చూపించారు. జ్యూస్ ప్రేమాయణాల దగ్గర మాత్రం కొందరు తల్లులు పిల్లలను తీసుకుని మంచినీళ్లకు లేచారు. ఇంద్రుడి కథలు వింటూ పెరిగినవాళ్లమే అందరం!

రెండో నెలలో ఒక సీనియర్ సభ్యుల నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లలు వస్తున్నారు కనుక ప్రతి కథ చివరా నీతి చెప్పి తీరాలని కోరారు. కార్యవర్గం ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు, అయినా తీర్మానం తీర్మానమే. తొలి స్త్రీ పండోరా పెట్టె మూత తీసి కష్టాలను లోకం మీదికి వదిలిన కథతో ప్రయత్నించాం. ‘అతి కుతూహలం చేటు’ అని నీతి రాసుకుని వెళ్లాం. తీరా ప్రాచీన గ్రీకు కవి హెసియోద్ చెప్పిన కథ చదివితే పండోరాకు కుతూహలమని ఎక్కడా లేదు, మూత తీయవద్దని ఆమెకు ఎవరూ చెప్పనూ లేదు. అది పెట్టె కూడా కాదు, ధాన్యం పోసుకునే గాదెలాంటి పెద్ద మట్టి జాడీ. 16వ శతాబ్దంలో పండితుడు ఎరాస్మస్ లాటిన్‌లోకి మార్చినప్పుడు జాడీ కాస్తా పెట్టె అయింది. కష్టాలన్నీ బయటపడ్డాక అడుగున ఆశ ఒక్కటి మిగిలింది. కష్టాలున్న జాడీలో ఆశ ఎందుకుంది, లోపల ఉండిపోతే మనకు దక్కినట్టా దక్కనట్టా అని రాత్రి తొమ్మిదిన్నర దాకా వాదించుకున్నారు. వాచ్‌మన్ తాళాలు గలగలలాడించాక గానీ లేవలేదు. ఏడాదిలో మంచి సమావేశాల్లో అది ఒకటి. నీతి ఏమిటో ఆ రోజు తేలలేదు.

గ్రీకు వీరుడు హెరాక్లీస్ కథ కార్యదర్శి పదవిలో ఉన్నవాళ్లు తప్పక చదవాలి. జ్యూస్ భార్య హేరా కల్పించిన ఉన్మాదంలో సొంత బిడ్డలను చంపుకుని, ఆ పాపం పోగొట్టుకోవడానికి యురిస్థియస్ రాజు చెప్పిన పనులన్నీ చేశాడు. అపొల్లోడోరస్ పేరుతో నిలిచిన సంకలనం ప్రకారం అసలు ఒప్పందం పది పనులకే. హైడ్రా అనే అనేక తలల పామును చంపేటప్పుడు తమ్ముడి కొడుకు అయిన అయొలాస్ సాయం పట్టాడు కనుక అది లెక్కలోకి రాదన్నాడు రాజు. ఏళ్లుగా శుభ్రం చేయని ఆజియస్ పశువుల కొట్టంలోకి రెండు నదులను మళ్లించి ఒక్క రోజులో కడిగితే, కూలి మాట్లాడుకున్నావు కనుక అదీ చెల్లదన్నాడు. ఆ కూలి మాత్రం ఆజియస్ ఎగ్గొట్టాడు. అలా పది పన్నెండయ్యాయి. ఒలింపియాలో జ్యూస్ ఆలయపు శిల్పాల్లో ఆ కొట్టం కడిగే ఘట్టం ఉంది. పక్కన దేవత అథీనా నిలబడి ఉంటుంది. ఇక్కడ 60 కుర్చీలు రెండో అంతస్తుకు మోసిన రోజున నా పక్కన నిలబడినవారు ఇద్దరు. స్వచ్ఛంద సేవకుల జాబితాలో 17 పేర్లు ఉన్నాయి.

ఇక ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం, జనవరిలో జరిగిన ఇలియడ్ రాత్రి. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన ఆ కావ్యంలోని చివరి భాగం, 24వ పర్వం మొత్తాన్ని మన సభ్యులే తెలుగులో చెప్పుకుంటూ చదివారు. హాలు అనుమతి కోసం సంబంధిత కార్యాలయానికి ఆరుసార్లు తిరిగాను. పాతాళంలో ఎన్నటికీ రాయిని కొండపైకి దొర్లిస్తూ ఉండే సిసిఫస్‌కు కనీసం ఆ రాయి ఎక్కడుందో తెలుసు, నా ఫైలు ఎక్కడుందో ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియదు. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు. ఆయన కోసం తెచ్చిన శాలువా బీరువాలో భద్రంగా ఉంది.

పిల్లలు మూడు వారాలు శ్రమపడి అట్టలతో ఏడడుగుల గుర్రం చేశారు. ఇలియడ్‌లో ట్రాయ్ గుర్రం కథ లేదని, ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతోనే కావ్యం ముగుస్తుందని వారికి చెప్పే బాధ్యత నా మీద పడింది. హెక్టర్‌ను చంపిన గ్రీకు వీరుడు ఎకిలీస్ చావు కూడా అందులో లేదు. గాయాలు తగలకూడదని తల్లి అతన్ని మడమ పట్టుకుని పాతాళంలోని స్టిక్స్ నదిలో ముంచిన కథ మనకు దొరికేది చాలా తరువాత, క్రీ.శ. 1వ శతాబ్దపు లాటిన్ కవి స్టేషియస్ దగ్గర. గాంధారి చూపు పడక దుర్యోధనుడి తొడలు బలహీనంగా మిగిలిన కథా వ్యాస భారతంలో కనబడదని మాస్టారు గుర్తుచేశారు. గుర్రాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టాం. వచ్చినవాళ్లందరూ దానితోనే ఫోటోలు దిగారు.

హెక్టర్ తండ్రి, ట్రాయ్ రాజు ప్రియామ్ భాగాన్ని రిటైరైన బస్సు కండక్టర్ గారు చదివారు. ఎకిలీస్‌గా ఇంజనీరింగ్ మూడో సంవత్సరం కుర్రవాడు. కొడుకు శవాన్ని రథానికి కట్టి ఈడ్చినవాడి గుడారానికి ముసలి రాజు రాత్రివేళ వెళతాడు. దారి చూపేది దేవదూత హెర్మెస్. లోపలికి వెళ్లి మోకాళ్లు పట్టుకుని, తన కొడుకులను చంపిన ఆ చేతులనే ముద్దు పెట్టుకుంటాడు. నీ తండ్రిని గుర్తుచేసుకో, ఆయనదీ నా వయసే అంటాడు. ఎకిలీస్ తండ్రిని తలుచుకుని ఏడుస్తాడు, ఈయన హెక్టర్ కోసం ఏడుస్తాడు. కండక్టర్ గారు అక్కడ కాగితం కిందికి దించి కాసేపు ఆగారు. రిహార్సల్లో అలా ఆగలేదు. ఫ్యాన్ల చప్పుడు తప్ప హాల్లో ఏమీ వినిపించలేదు.

ఆ తరువాత ఎకిలీస్, బిడ్డలందరినీ పోగొట్టుకున్న నయోబీ కూడా చివరికి అన్నం తిన్నదని చెప్పి, ప్రియామ్‌ను భోజనానికి పిలుస్తాడు. సరిగ్గా అప్పుడే వంటాయన తలుపు సందులోంచి తొంగిచూసి, ఉప్మా వడ్డించమంటారా అని అడిగాడు. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ‘పెట్టండి, ఆయనే తినమంటున్నాడుగా’ అని వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ అన్నారు. అందరూ తిన్నారు. తిన్నాక హెక్టర్ అంత్యక్రియలు చదివాం. పదకొండు రోజులు యుద్ధం ఆపుతానని ఎకిలీస్ మాట ఇవ్వడం, పన్నెండో రోజు అవసరమైతే మళ్లీ పోరాడతామని ప్రియామ్ అనడం విన్నాక పిల్లల్లో ఒకరు, ‘మరి రాజీ పడ్డారుగా?’ అని అడిగారు. సమాధానం చెప్పడానికి పెద్దవాళ్లలో ఎవరూ ముందుకు రాలేదు.

ఉత్తరం రాసిన సభ్యులు కూడా ఆ రాత్రి వచ్చారు. మర్నాడు మళ్లీ ఉత్తరం రాశారు: నీతి చెప్పలేదని. అది ఫైలులో ఉంది.

లెక్కలు కోశాధికారి గారు విడిగా పంచిపెట్టారు. చందాలు సగం వచ్చాయి, మైకు అద్దె పెరిగింది, కొద్దిపాటి లోటును ఆయనే సర్దారు. ప్రశ్నలుంటే టీ తరువాత ఆయననే అడగండి.

కృతజ్ఞతలు. హాలుకు పూలు తెచ్చిన మహిళా సభ్యులకు, ఉప్మాకు ధర తగ్గించిన వంటాయనకు, తొమ్మిదిన్నర దాకా ఓపిక పట్టిన వాచ్‌మన్‌కు, బోర్డుతో పాటు సుద్దముక్కలూ ఇచ్చిన సంస్కృతం మాస్టారికి, పేరు చెప్పవద్దంటూ జెనరేటర్ డీజిల్ పోయించిన దాతకు, కండక్టర్ గారికి, ఆయన పక్కన వణుకుతూనే నిలబడిన కుర్రవాడికి, కుర్చీలు మోసిన ఆ ఇద్దరికీ.

వచ్చే సంవత్సరం ఒడిస్సీ తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. 24 పర్వాలు, నెలకు రెండు. ఈసారి చేతులెత్తేవారు పక్కన పేరు, ఫోను నంబరు కూడా రాయాలని మనవి. ఇలియడ్ ప్రతులు నాలుగు ఇంకా తిరిగి రాలేదు, ఎవరి దగ్గర ఉన్నాయో రిజిస్టరులో ఉంది. గుర్రం మెట్ల కింద ఉంది. గ్రంథాలయం వారు ఈ నెలాఖరులోగా తీసేయమన్నారు. తీసుకెళ్లడానికి కనీసం నలుగురు కావాలి.

ఇట్లు
కార్యదర్శి