గన్నవరం – మధురపూడి మధ్య ‘40 నిమిషాల ప్రయాణం’ అన్న తప్పుడు సమాచారంపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అయ్యా/అమ్మా,

మా నాన్నగారి సంవత్సరీకం రాజమహేంద్రవరంలోని కోటిలింగాల రేవులో పెట్టుకున్నాం. ఢిల్లీ నుంచి రావలసిన అమ్మకూ పిన్నికీ మీ వెబ్‌సైటులో టికెట్లు వెతికితే రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడికి సీట్లు లేవు. దానికి బదులు విజయవాడ విమానాశ్రయమైన గన్నవరంలో దిగమని సూచిస్తూ, ఆ రెండు విమానాశ్రయాల మధ్య ‘దూరం 126 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 40 నిమిషాలు’ అని చూపించారు. ఆ కిందే టికెట్ కొనే మీట ఉంది. అది రోడ్డు దూరమా, ఆకాశమార్గమా అన్నది ఎక్కడా లేదు. నలభై నిమిషాలన్నారు కాబట్టి గన్నవరం నుంచి ఇంకో విమానం ఉంటుందనే మా వాళ్లు అనుకున్నారు.

తీరా దిగాక, ఆ రోజు మధురపూడికి విమానమేదీ లేదని అక్కడి సిబ్బంది చెప్పారు. ఇక మిగిలింది టాక్సీ.

126 కిలోమీటర్లు అన్నది పటం మీద గీత గీసి కొలిచిన దూరం. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే దానికి పది నిమిషాలు, పైన ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట. మీ 40 నిమిషాలు ఇలా పుట్టినవే అనిపిస్తోంది. కానీ కారు గీత మీద వెళ్లదు. గన్నవరం నుంచి ఏలూరు మీదుగా కొవ్వూరు చేరాలి, అక్కడ గోదావరి దాటాలి. నది మీద వంతెన ఎక్కడుంటే దారి అక్కడికే పోతుంది. ఆవలి ఒడ్డున కోరుకొండ రోడ్డు పట్టుకుంటే తప్ప మధురపూడి రాదు. మొత్తం దాదాపు 150 కిలోమీటర్లు. దారి సాఫీగా ఉన్నా రెండున్నర గంటలకు తక్కువ పట్టదు.

అమ్మకు షుగరు. తద్దినం పూర్తయ్యేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని కూర్చుంది. నలభై నిమిషాలే కదా అని మందుల సంచీ కూడా పెద్ద పెట్టెలో సర్దేశారు. ఏలూరు దాటాక కళ్లు తిరుగుతున్నాయంటే కారు రోడ్డు పక్కన ఆపించి, డిక్కీ తెరిచి, పెట్టెలు దించి, పిన్ని ఆ సంచీ వెతికి తీసింది. ఇక్కడ రేవులో పురోహితుడు మధ్యాహ్నం దాటనివ్వకూడదన్నారు. అమ్మ రాకముందే పిండప్రదానం ముగిసిపోయింది. నాన్నగారి మొదటి సంవత్సరీకం అది. మళ్లీ రాదు.

మీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ‘ఆ వివరాలు సూచనప్రాయం మాత్రమే’ అన్నారు. ఆ మాట టికెట్ అమ్మేటప్పుడు ఎందుకు రాయలేదు? ధరను పైసలతో సహా చూపించే చోట, ప్రయాణ సమయం ఒక్కటే సూచనప్రాయం ఎలా అవుతుంది?

నేను కోరుతున్నవి ఇవి. రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా విమానం లేనప్పుడు ఆకాశమార్గ సమయాన్ని ప్రయాణ సమయంగా చూపించడం వెంటనే ఆపండి. రోడ్డు దూరం, రోడ్డు మీద పట్టే సమయం విడిగా రాయండి. మీ సమాచారాన్ని నమ్మినందుకు మా వాళ్లు పెట్టిన టాక్సీ ఖర్చు తిరిగి ఇవ్వండి. రసీదు, ఆ పేజీ చిత్రం జతచేశాను. అన్నిటికన్నా ముందు, మా అమ్మ పేర లిఖితపూర్వకంగా క్షమాపణ పంపండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించవలసిన బాధ్యత మీది. అలా జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

భవదీయుడు,
(సంతకం)