పిల్లల కార్యక్రమాలలో భద్రత: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవనీయ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తరువాత తిరుపతిలోని మన కాలనీ సంక్షేమ సంఘం చేపట్టిన పార్కు మరమ్మతులు, వీధి దీపాలు, కాలువల పూడికతీత వివరాలను జమాఖర్చుల పట్టికతో కలిపి విడిగా అందజేస్తున్నాము. ఈ నివేదికను మాత్రం ఒకే అంశానికి కేటాయించాలని కార్యవర్గం ఏకగ్రీవంగా నిర్ణయించింది. వేసవి శిబిరం, సాయంకాలపు ఉచిత ట్యూషన్లు, ఆదివారం అన్నమాచార్య సంకీర్తనల తరగతి, కరాటే, చదరంగం, గంగమ్మ జాతర రోజులకు ముందు నేర్పే కోలాటం, వీటన్నిటినీ పైసా జీతం తీసుకోని మన కార్యకర్తలే నడుపుతున్నారు. వాటికి వచ్చే పిల్లల రక్షణ కోసం సంఘం రాతపూర్వకమైన నియమావళిని అమలులోకి తెచ్చిన సంవత్సరం ఇది. ఆ నియమాలు ఏమిటో, వాటిని ఎందుకు పెట్టుకున్నామో ప్రతి సభ్యునికీ తెలియాలి.

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరినీ, ఆడపిల్లైనా మగపిల్లవాడైనా, బాలలుగానే పరిగణిస్తుంది. ఆ చట్టం కింద 2020లో వచ్చిన నియమాలు పాఠశాలలు, క్రీడా శిక్షణ సంస్థలతో సహా పిల్లలతో తరచుగా వ్యవహరించే ప్రతి సంస్థా తన సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలనీ, వారికి బాలల రక్షణపై శిక్షణ ఇప్పించాలనీ చెబుతున్నాయి. అక్కడ ప్రస్తావన ఉద్యోగుల గురించి. సేవాభావంతో వచ్చి గంటసేపు పాఠం చెప్పి వెళ్లే వారి గురించి విడిగా ఏమీ లేదు. కానీ ఎదురుగా కూర్చున్న పిల్లకు ఆ పాఠం చెప్పేవారు జీతగాళ్లా, ఉచితంగా వచ్చినవారా అన్న తేడా ఉండదు. ఆమెకు ఇద్దరూ గురువులే, ఇద్దరి మాటా వినవలసినదే. అందుచేత సిబ్బందికి వర్తించే జాగ్రత్తలన్నీ మన కార్యకర్తలకూ వర్తింపజేయాలని కార్యవర్గం తీర్మానించింది.

ఈ తీర్మానంపై చర్చ సులభంగా సాగలేదు. ఏళ్ల తరబడి మన మధ్యనే ఉంటూ, మన పిల్లలను సొంత బిడ్డల్లా చూసుకుంటున్న పెద్దలను పోలీసు ధ్రువపత్రం తెమ్మనడం వారిని అవమానించడమే కదా అని కొందరు సభ్యులు బాధతో అడిగారు. ఆ బాధ నిజమైనదే. అయితే కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో జరిపించి 2007లో వెలువరించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారు. వేధించిన వారిలో దాదాపు సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, లేదా నమ్మకం, బాధ్యత గల స్థానంలో ఉన్నవారు. చాలామంది పిల్లలు ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఎవరు మంచివారో, ఎవరు కాదో ముఖం చూసి నిర్ణయించే పనిని కార్యవర్గం చేయలేదు, చేయకూడదు. నియమం అందరికీ ఒక్కటే అయినప్పుడు ఎవరినీ విడిగా అనుమానించవలసిన అవసరం ఉండదు. చర్చ అంతా విన్న తరువాత, అందరికన్నా ఎక్కువ కాలంగా పాఠాలు చెబుతున్న పెద్దాయనే తన దరఖాస్తును మొదట తీసుకురావడం మిగిలినవారికి ధైర్యమిచ్చింది. వారికి కార్యవర్గం హృదయపూర్వకంగా కృతజ్ఞతలు తెలుపుకుంటోంది.

పోలీసు ధ్రువపత్రం ఉంటే చాలునని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అందులో కనిపించేది కేసు నమోదైన నేరం ఒక్కటే. పిల్లలు చెప్పుకోని, పెద్దలు దాచిపెట్టిన నేరాలు ఏ కాగితంలోనూ ఉండవు. కాబట్టి మన నియమావళిలో ఎక్కువ భాగం రోజువారీ నడవడికకు సంబంధించినదే.

అందులో మొదటిది, ఏ తరగతిలోనైనా పద్దెనిమిదేళ్లు దాటినవారు కనీసం ఇద్దరు ఉండాలి. ఇంటర్ చదువుతూ చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే మన యువ కార్యకర్తలు ఎంత సమర్థులైనా ఈ లెక్కలోకి రారు, ఎందుకంటే చట్టం దృష్టిలో వారూ బాలలే, వారి రక్షణా మన బాధ్యతే. రెండో వ్యక్తి రాని రోజున తరగతి రద్దవుతుంది. ఈ ఏడాది కొన్ని తరగతులు ఇలాగే రద్దయి, గేటు దాకా వచ్చిన పిల్లలు నిరాశగా వెనుదిరిగారు. తల్లిదండ్రులు విసుక్కున్నారు. అయినా ఈ నియమానికి ఒక్క మినహాయింపు ఇచ్చినా రేపటికి నియమమే మిగలదని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది. కమ్యూనిటీ హాలు మేడమీది గదిలో జరిగే ట్యూషన్లను కింది హాలుకు మార్చాము. తలుపులు, కిటికీలు తెరిచే ఉంటాయి. ఏ తల్లిదండ్రులైనా ముందుగా చెప్పకుండా ఎప్పుడు వచ్చి కూర్చున్నా ఎవరూ కాదనరు.

తరగతి ముగిసిన తరువాతి అరగంటే అన్నిటికన్నా చిక్కైన సమయమని అనుభవంలో తేలింది. అందరూ వెళ్లిపోగా ఒక్క పిల్లవాడు మిగిలిపోతాడు, తండ్రి బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటాడు, పాఠం చెప్పినవారు జాలిపడి తన బండి మీద దింపుతానంటారు. ఆ జాలిలో తప్పేమీ లేకపోవచ్చు. అయినా ఇక మీదట ఆఖరి బిడ్డ వెళ్లే వరకు ఇద్దరు పెద్దలు కలిసే ఉండాలి, ఎవరూ పిల్లలను ఒంటరిగా వాహనంపై తీసుకువెళ్లరాదు. పిల్లలను ఎవరు తీసుకువెళ్తారో వారి పేర్లు ప్రవేశ దరఖాస్తులోనే రాయాలి. ఆ జాబితాలో లేని వారితో, దగ్గరి బంధువులైనా సరే, తల్లి గానీ తండ్రి గానీ ఫోన్ చేసి చెబితేనే పంపుతాము. ఆటోలో పంపేవారు డ్రైవరు వివరాలు ఇవ్వాలి.

పిల్లలను మచ్చిక చేసుకునేవారు బలవంతంతో మొదలుపెట్టరు. ఒక్క బిడ్డకే కానుకలివ్వడం, నీలో ప్రత్యేకమైన ప్రతిభ ఉందంటూ విడిగా రమ్మనడం, రాత్రిపూట సందేశాలు పంపడం, ఇది మనిద్దరి మధ్యే ఉండాలనడం, ఇలా మెల్లగా దగ్గరవుతారు. అందుకే కార్యకర్తలు పిల్లలకు నేరుగా సందేశాలు పంపరాదు. సమాచారమంతా తల్లిదండ్రులు ఉన్న వాట్సాప్ గ్రూపులోనే వెళ్లాలి. బహుమతులు ఇస్తే అందరికీ సంఘం పేరుతోనే ఇవ్వాలి. కరాటేలో, కోలాటంలో భంగిమ సరిచేయడానికి తాకవలసి వస్తే ముందు చెప్పి, బిడ్డ సరేనన్నాక, అందరి ఎదుటే తాకాలి. ఈ నియమం తమకూ రక్షణేనని మన కరాటే శిక్షకులు స్వయంగా చెప్పడం గమనించదగ్గది. పిల్లల ఫొటోలను తల్లిదండ్రుల లిఖిత అనుమతి లేకుండా ఎక్కడా పెట్టరాదు.

చంద్రగిరి కోటకు, అలిపిరి దగ్గరి సైన్స్ కేంద్రానికి జరిపిన విహారయాత్రలు ఇబ్బంది లేకుండా సాగాయి. తలకోన యాత్ర ప్రతిపాదనను, నీటి దగ్గర పిల్లలను కనిపెట్టుకునేందుకు చాలినంత మంది పెద్దలు దొరకనందున, వాయిదా వేశాము.

ఇక ఒక బిడ్డ వచ్చి ఏదైనా చెప్పినప్పుడు ఏమి చేయాలన్నది ఈ నివేదికలో అతి ముఖ్యమైన భాగం. ప్రశాంతంగా వినాలి. నీ తప్పేమీ లేదని చెప్పాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలుపుకోలేము. గుచ్చి గుచ్చి అడగకుండా, బిడ్డ వాడిన మాటల్లోనే రాసిపెట్టుకుని, పోలీసులకు గానీ, బాలల సహాయవాణి 1098కి గానీ, అత్యవసరమైతే 112కి గానీ వెంటనే తెలియజేయాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరిగే ప్రమాదం ఉందని భావించినవారూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు; తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యులకైతే ఏడాది వరకు జైలు, జరిమానా కూడా. సదుద్దేశంతో సమాచారమిచ్చిన వారిపై ఏ చర్యా ఉండదని అదే చట్టం హామీ ఇస్తోంది.

కాలనీ పరువు పేరుతోనో, ఆడపిల్ల భవిష్యత్తు పేరుతోనో, పదిమంది పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదర్చడం మన ప్రాంతంలో కొత్త కాదు. ఈ సంఘంలో అది జరగదు. నిజానిజాలు తేల్చడం కార్యవర్గం పని కాదు; ఆరోపణ వచ్చిన వ్యక్తిని నిలదీయడం, బిడ్డను అతని ఎదుట నిలబెట్టడం మన హక్కు కాదు. ఆ వ్యక్తిని పిల్లల కార్యక్రమాల నుంచి తక్షణం దూరంగా ఉంచి, సమాచారం పోలీసులకు ఇచ్చి, బిడ్డ పేరు ఎవరి నోటా రాకుండా చూడడం వరకే మన పని. స్టేషను మెట్లెక్కవలసి వస్తుందని భయపడే తల్లిదండ్రులు ఒక విషయం తెలుసుకోవాలి: బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలని చట్టమే చెబుతోంది. బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు.

వచ్చే ఏడాదికి మూడు ప్రతిపాదనలను సభ్యుల ఆమోదానికి ఉంచుతున్నాము. కార్యవర్గ సభ్యులు కాని ఇద్దరిని, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ అయ్యేలా, బాలల రక్షణ బాధ్యులుగా ఎన్నుకోవాలి; కార్యవర్గంలోని వారిపైనే ఫిర్యాదు వస్తే అది వారి చేతికి అందకూడదు గనుక ఈ ఏర్పాటు. కార్యకర్తల ధ్రువపత్రాలను రెండేళ్లకొకసారి కొత్తగా తెప్పించుకోవాలి, అందుకయ్యే రుసుము సంఘమే భరించాలి. వేసవి శిబిరం మొదలయ్యేలోగా కార్యకర్తలందరికీ శిక్షణ పూర్తి కావాలి. శిక్షణకు రానివారికి, ఎంతటివారైనా, తరగతి అప్పగించరాదు. నియమావళి నకలు కమ్యూనిటీ హాలు నోటీసు బోర్డులో ఉంది. సవరణలు సూచించదలచినవారు సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి,
కార్యవర్గం తరఫున